పీట దించండి, పిక్కలు పోయండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పాత మిద్దెల్లో అటక మీద వెతికితే ఇప్పటికీ ఒక వామనగుంటల పీట దొరకవచ్చు. వాడుకలో కొందరికి ఓమనగుంటలు. వరుసకు 7 చొప్పున 14 గుంటలు. బందు ఊడి, అంచు చీలి, దుమ్ముకొట్టుకుపోయి ఉంటుంది. దాన్ని పాత సామాన్లలో వెయ్యకండి, అలంకారానికి గోడకూ తగిలించకండి. ఇంటిల్లిపాదీ కూర్చుని బాగుచేసి, దాని మీద ఆడండి.

పని పెద్దదేం కాదు. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులపాలి. నీళ్లతో కడిగి ఎండలో పెడితే కొయ్య ఇంకా పగులుతుంది. సన్నని చీలికలో రంపపు పొట్టును వడ్రంగి జిగురుతో కలిపి కూరి, రాత్రంతా ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్దాలి. గుంటల లోపల మాత్రం రుద్దొద్దు. తరాలుగా వేళ్లు తగిలి వచ్చిన నునుపది, ఏ పాలిషూ తేలేదు. చివరికి అవిసె నూనె పలచగా పట్టిస్తే చాలు. గరుకు కాగితం పిల్లల చేతికివ్వండి. చింతపిక్కలు ఏరే పని అవ్వది. పుచ్చు లేనివి, ఇంచుమించు ఒకే సైజువి 70 కావాలి.

గుంటకు 5 చొప్పున పోసి ఆట మొదలుపెట్టాలి. మన వైపు ఒక గుంట ఎత్తి, పక్క గుంటల్లో ఒక్కొక్కటే పంచుతూ పోవాలి. చేతిలోవి అయిపోగానే ఆ తర్వాతి గుంట ఎత్తాలి. అది ఖాళీ అయితే దాన్ని తుడిచి, దాని పక్క గుంటలోవి గెలుచుకోవాలి. అక్కడితో వంతు ఎదుటివారిది.

ఒకసారి లెక్క చూడండి. మొదటి గుంట ఎత్తితే 6వ దానిలో చేయి ఖాళీ అవుతుంది. అక్కడి నుంచి 7, 13, 5, 12 గుంటలు వరుసగా లేస్తాయి. మళ్లీ 5వ గుంటకొచ్చేసరికి అది ఖాళీ. 6వ గుంటలోని 7 పిక్కలు మనవి. తొలి ఎత్తు ఎక్కడ మొదలుపెట్టినా దక్కేది ఆ 7 పిక్కలే! తేడా అంతా ఎక్కడ ఖాళీలు మిగిల్చామన్న దాంట్లో ఉంటుంది. బడిముఖం చూడని అవ్వలు ఈ లెక్కను మనసులోనే వేసి, పలకాబలపం పట్టిన మనవళ్లను ఓడించేవారు.

రాయచూరు వైపు వెళ్తే ఇదే అళిగుళి మణె, తమిళనాట పల్లాంగుళి. మంకాలా అనే ఈ ఆటల కుటుంబంలో ఆఫ్రికాలోనూ దీని చుట్టాలు ఎన్నో ఉన్నాయి. అంత పెద్ద కుటుంబమున్న ఆటకు మన ఇంట్లో చోటు లేకపోవడం అన్యాయం. పీట లేకుంటే వాకిట్లో 14 గుంటలు తవ్వుకున్నా సరే. ఈ వేసవి సెలవుల్లో అవ్వను ఒక వైపు, మనవరాలిని ఇంకో వైపు కూర్చోబెట్టండి. నేర్పేవాళ్లు ఉన్నప్పుడే నేర్చుకోవాలి.