శుద్ధుడైన వానికి ఇచ్చిన రెండు ఆజ్ఞలు: మార్కు 1:40–45పై మన స్వస్థత ప్రసంగముల విమర్శ

కుష్ఠరోగి శుద్ధుడైన ఈ వాక్యభాగమును హెచ్‌ఐవి ఉన్న విశ్వాసుల కొరకు జరిగే ప్రార్థన కూటములలో తరచుగా చదువుతున్నాము. కాని 42వ వచనముతో ఆగిపోతున్నాము. ప్రభువు చెయ్యి చాపి ముట్టినది మనకు కావాలి; ఆ తరువాత ఆయన ఇచ్చిన రెండు ఆజ్ఞలు అక్కరలేదు. ఈ లోపము ప్రాణముల మీదికి తెస్తున్నదని చూపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

44వ వచనములో ప్రభువు ఆ మనుష్యుని మౌనముగా ఉండమన్నాడు. యాజకుని యొద్దకు పంపాడు. లేవీయకాండము 14 ప్రకారము శుద్ధిని పరీక్షించి నిర్ధారించువాడు యాజకుడే. స్వస్థపరచిన ప్రభువే పరీక్షను త్రోసివేయలేదు. మన కూటములలో ఇది తలక్రిందులైనది. రోగిని వేదిక ఎక్కించి అందరితో చెప్పిస్తాము. పరీక్షకు మాత్రము పంపము.

2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టి చికిత్స ప్రారంభమైనప్పుడు, ముందుగా ఎంపికైన అధిక వ్యాప్తి రాష్ట్రములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన సికింద్రాబాదులోనే గాంధీ ఆసుపత్రి ఏఆర్‌టి కేంద్రములో మందులు ఉచితముగా దొరుకుతున్నాయి. 2017 నుండి, సిడి4 సంఖ్య ఎంత ఉన్నను, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతివారికి చికిత్స ఇవ్వాలన్నది జాతీయ విధానము. క్రమముగా మందు వాడితే రక్తములో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. ఆ స్థితి నిలిచినంత కాలము లైంగికముగా ఇతరులకు సోకదు. అయితే వైరస్ అణగినదే గాని పోలేదు. మందు మానితే సాధారణముగా కొద్ది వారములలోనే తిరిగి పెరుగుతుంది.

"వైరస్ కనబడలేదు" అన్న కాగితమును పట్టుకొని "సంపూర్ణ స్వస్థత" అని ప్రకటించే బోధకుడు ఈ భేదమును చెరిపివేస్తున్నాడు. సాక్ష్యము చెప్పిన సహోదరి మరునాడు మాత్ర వేసుకొంటే అవిశ్వాసి అనిపించుకొంటుంది. మానితే రోగము ముదురుతుంది. ఆ ఇరుకులో ఆమెను నిలిపినది మనమే.

నేనును ఇట్టి తప్పు చేసినవాడనే. నన్ను నమ్మి చెప్పుకొన్న ఒక సహోదరి కొరకు ఉపవాస కూటములో ప్రార్థిస్తూ, ఆమెను అడుగకుండ, వ్యాధి పేరు పలికాను. ప్రేమతోనే అనుకొన్నాను. ఆమె మరల మందిరమునకు రాలేదు. 45వ వచనము అప్పుడు నాకు అర్థమైనది. మాట బయటపడిన తరువాత ప్రభువే పట్టణములో బహిరంగముగా ప్రవేశింపలేకపోయాడు. నమ్మి చెప్పిన హెచ్‌ఐవి స్థితిని అనుమతి లేకుండ వెల్లడి చేయుటను 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చిన చట్టము కూడ నిషేధిస్తున్నది. చట్టము చెప్పకముందే సువార్త మనకు ఇది చెప్పినది.

ఇట్లు బోధిస్తే విశ్వాసము బలహీనపడదా అని కొందరు అడుగవచ్చును. యాజకుని యొద్దకు వెళ్లుట ఆ మనుష్యునికి విశ్వాసలోపము కానప్పుడు, ఏఆర్‌టి కేంద్రమునకు వెళ్లుట మన సహోదరికి ఎట్లు విశ్వాసలోపమగును? పైగా ప్రభువు రోగిని అడిగి చేసినవాడు. మార్కు 10:51లో, అందరికీ కనబడుతున్న గ్రుడ్డితనము గురించి కూడ, ఏమి కావాలో బర్తిమయినే అడిగాడు. ఆసుపత్రివారైనను, సంఘమైనను ఈ ప్రశ్న మరచినచోట రోగి చికిత్సకు దూరమవుతాడు.

కనుక తోటి కాపరులారా, తలపై చెయ్యి ఉంచి ప్రార్థించిన తరువాత, మెల్లగా, ప్రక్కకు పిలిచి అడుగుదము: మందులు ఎన్ని రోజులకు ఉన్నాయి? వెళ్లుటకు బస్సు చార్జీ ఉన్నదా? తోడు రమ్మంటావా? ఆ జవాబు మనలోనే ఉండిపోవును గాక.