చేసి చూపించండి

మా షాపు కౌంటర్ మీద బిల్లుబుక్ పక్కన ఒక ఖాళీ ఇన్హేలర్, రెండు సిరంజిలు ఎప్పుడూ ఉంటాయి. ఒక సిరంజికి ఎర్ర మూత, రెండోదానికి నారింజ రంగు మూత. అవి అమ్మడానికి పెట్టినవి కావు. మూడేళ్ల కిందటి దాకా అవి అక్కడ లేవు కూడా.

నాది తణుకులో మందుల షాపు. డీఫార్మసీ చదివింది తొంభైల్లో. రెండేళ్ల చదువు, ఆపైన 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ. చీటీ చదవడం, ర్యాకులోంచి మందు తీయడం, ఎక్స్‌పైరీ చూడడం బాగానే వచ్చాయి. మందు తీసుకున్న మనిషి ఇంటికెళ్లి దాన్ని ఏం చేస్తున్నాడో కనుక్కోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. వార్డుల్లో రోగుల పక్కన నిలబెట్టి నేర్పే ఫార్మ్‌డీ కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది. నాలాంటివాళ్లు అప్పటికే కౌంటర్ల వెనక స్థిరపడిపోయారు.

అది నేర్పింది ఒక ఆన్‌లైన్ క్లాసు. అందులో చేరింది మాత్రం ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసమే. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం అయిదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులు చేయాలి. షాపులో ఫార్మసిస్టును నేనొక్కణ్ణే. నేను లేకుండా మందులివ్వడం చట్టం ఒప్పుకోదు. విజయవాడ వెళ్లి క్లాసులో కూర్చోవాలంటే షట్టర్ దించాల్సిందే. అందుకని రాత్రి పదింటికి షాపు కట్టేసి, అన్నం తిని, ఫోను ముందు కూర్చునేవాణ్ణి.

పాఠం చెప్పినావిడ బోధనాసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు. రెండో క్లాసు చివర ఒక పని అప్పజెప్పారు. "రేపు ఇన్హేలర్ మందు కోసం వచ్చే మొదటి మనిషిని ఎలా వాడుతున్నారో చేసి చూపించమనండి. వాడడం తెలుసా అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే అందరూ తెలుసనే అంటారు."

మర్నాడు వచ్చినాయన రైసుమిల్లులో హమాలీ. ఊక దుమ్ములో పని, ఏళ్లనాటి ఉబ్బసం. రెండేళ్లుగా నా దగ్గరే రోటాక్యాప్స్ తీసుకెళుతున్నాడు. వచ్చినప్పుడల్లా "పెద్దగా గుణం కనబడట్లేదండీ, ఇంకా గట్టి మందేదైనా ఉందా" అంటాడు. డాక్టరు గారిని అడగమని పంపేవాణ్ణి. ఆ రోజు మాత్రం "ఎలా వేసుకుంటున్నావో ఒకసారి చూపించు బాబాయ్" అన్నాను. సీసా మూత తీసి, ఒక క్యాప్సూల్ అరచేతిలో వేసుకుని, "కాసిని మంచినీళ్లు ఇప్పించండి" అన్నాడు. మరి క్యాప్సూల్ పెట్టి పీల్చే మిషను ఏదంటే, "అది ఇంట్లో ఉందండీ" అన్నాడు.

రెండేళ్లు! ఊపిరితిత్తుల్లోకి పీల్చాల్సిన మందును ఆయన కడుపులోకి మింగుతున్నాడు. నెలనెలా డబ్బులు తీసుకుని ఆ సీసా చేతికిచ్చింది నేను. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

సాయంత్రం మిషను తీసుకురమ్మన్నాను. క్యాప్సూల్ అందులో పెట్టి తిప్పాడు. నోట్లో పెట్టుకుని పీల్చబోయి ఊదేశాడు. తెల్లటి పొడి కౌంటర్ అద్దం మీద పడింది. ముందు ఊపిరంతా పక్కకు వదిలేయాలి, పెదాలు బిగించి ఒక్క ఊపున గట్టిగా లాగాలి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. నాలుగోసారికి కుదిరింది. ఆయన మందులో స్టెరాయిడ్ ఉంది కాబట్టి నోరు పుక్కిలించి ఉమ్మేయమని కూడా చెప్పాను. పొడి మందును అలా వేగంగా లాగాలి. నొక్కితే స్ప్రే వచ్చే ఇన్హేలర్‌ను నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. ఈ తేడా నాకు ఆ క్లాసులోనే తెలిసింది. అంతకుముందు ఎవరైనా అడిగితే రెంటికీ ఒకటే మాట చెప్పేవాణ్ణి.

సిరంజిల సంగతీ అంతే. మన దగ్గర ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువభాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ మూతది. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. తారుమారై 100 సీసాకు ఎర్ర మూత సిరంజి వాడితే అదే 20 గీతకు 50 యూనిట్లు ఎక్కుతాయి. మనిషి చక్కెర పడిపోయి స్పృహ తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. సిరంజి అడిగినవాళ్లను "ఏ సీసాకు?" అని అడగకుండా ఎన్నేళ్లు ఇచ్చానో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఆన్‌లైన్ చదువులన్నీ ఇలా ఉండవు. వీడియో ముందుకు జరిపేసి, జవాబులు వాట్సాప్‌లో తెప్పించుకుని సర్టిఫికెట్ తీసుకునే కోర్సులూ చూశాను. వాటివల్ల రోగికి పైసా ఉపయోగం లేదు. మా టీచరు గారు కెమెరా పెట్టించి, మా ఆవిడకు బీపీ చూడమన్నారు. పట్టీ కట్టి బటన్ నొక్కాను. 148 చూపించింది. "ఆవిడ మీతో మాట్లాడుతున్నారు, చెయ్యి కిందికి వేలాడుతోంది. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. వీపు కుర్చీకి ఆనాలి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి" అన్నారు. రెండోసారి 132. వందల మందికి నేను బీపీ చూశాను. నా చేతులు ఏం చేస్తున్నాయో చూసి తప్పు పట్టిన మనిషి ఆవిడొక్కరే.

కోర్సులను ఆమోదించే పెద్దలను ఒకటే కోరుతున్నాను. ఫార్మసిస్టు ఇన్హేలర్ పట్టి చూపించకుండా, బీపీ పట్టీ కట్టి చూపించకుండా క్లినికల్ స్కిల్స్ సర్టిఫికెట్ ఇవ్వకండి. ఫోన్లోనైనా సరే, ఎదురుగా ఒకరు కూర్చుని చూడాలి.

మిల్లు బాబాయ్ ఆ తర్వాత గట్టి మందు అడగలేదు. నెలకోసారి వస్తాడు, నేను అడక్కుండానే మిషను జేబులోంచి తీస్తాడు.

మీ ఇంట్లో ఇన్హేలరో ఇన్సులినో వాడేవాళ్లుంటే, ఈసారి మందుల షాపుకు వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఎలా వాడుతున్నారో చేసి చూపించండి. అది చూడడం మా పని. దానికి డబ్బులేమీ తీసుకోం.