తప్పితే తెగిపోయే దండ

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి పిల్ల బడిలో ‘వాయ్‌ప్పాడు’ వల్లిస్తుంది. ఇంటికొచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంటే అదే తెలుగులో ‘ఎక్కం’. తొమ్మిది బడిలో ‘ఒన్బదు’, తొంభై ‘తొణ్ణూఱు’. తమిళంలో నూఱు అంటే వంద. తొంభై పేరులోనే వంద వినబడుతుంటే చిన్నపిల్ల తడబడటంలో వింతేముంది? అలాంటి పిల్లకి గుణకారం సాధన చేయించాలంటే, ఏ భాషలో చేసినా తన తప్పొప్పులు తానే చూపించే లెక్క కావాలి. అది పదకొండు వందల ఏళ్ళ కిందటే తయారైంది.

రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, సుమారు 850లో, మహావీరాచార్యుడనే జైనుడు సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రాశాడు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జనం నోట అది ‘పావులూరి గణితం’ అయింది. మహావీరుడి తర్వాత కొద్ది కాలానికే, 893లో, ధర్మపురిలో ఒక జైన బసది గురించి శాసనం వేశారు. అప్పట్లో ఈ ఊరు తగడూరు. ఆ లెక్కలు పుట్టిన లోకం ఈ ఊరికి పరాయిది కాదు.

మహావీరుడు గుణకారం చెబుతూ కొన్ని లెక్కల్ని కంఠహారాలుగా కూర్చాడు. 139ని 109తో గుణిస్తే 15151. ఎటునుంచి చదివినా ఒకటే, మెడలో దండలాగా. (భిన్నంలో కింది అంకెనీ మనం హారమే అంటాం, ఈ దండ వేరు.) వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 12345679ని 9తో గుణించేది. జవాబు తొమ్మిది ఒకట్లు: 111111111.

చూడటానికి గారడీ. కాగితం మీద చేస్తే గాని పనితనం తెలియదు. కుడినుంచి మొదలుపెట్టండి. తొమ్మిది తొమ్మిదులు 81: 1 వేసి, 8 చేతిలో. ఏడు తొమ్మిదులు 63, చేతిలో 8 కలిపితే 71: మళ్ళీ 1 వేసి, 7 చేతిలో. ఆరు తొమ్మిదులు 54, ఏడు కలిపితే 61. తర్వాత 51, 41, 31, 21, చివరకు 11. చేతిలో అంకె ఎనిమిది నుంచి మెట్టు మెట్టుగా దిగుతూ వస్తుంది, కింద ప్రతిసారీ ఒకటే పడుతుంది. తొమ్మిదో ఎక్కం దాదాపు మొత్తం ఒక్క లెక్కలో తిరగేసినట్టే.

ఆ సంఖ్యలో 8 ఎందుకు లేదో గమనించారా? మొదటి మెట్టు దాటాక చేతిలో 8 ఉంది. అక్కడ 8 ఉంటే ఎనిమిది తొమ్మిదులు 72, ఎనిమిది కలిపితే 80. కింద సున్న పడుతుంది, దండ తెగుతుంది. అందుకే ఆ చోట 8 లేదు. కంసాలి ఒక పూస పక్కనపెట్టి మిగతావి గుచ్చినట్టుంది ఆ నేర్పు.

చిన్నపిల్లలు గుణకారంలో తరచూ తప్పే చోటు చేతిలో అంకె కలపడం. ఏడు తొమ్మిదులు 63 అని, చేతిలో ఎనిమిది మరిచిపోయి పిల్ల 3 వేసిందనుకోండి. ఒకట్ల వరసలో మూడు కళ్ళలో గుచ్చుకుంటుంది. కుడినుంచి చూస్తే ఒకటి కాని మొదటి అంకె ఎక్కడుందో చేతిలో అంకె మరిచిపోయింది అక్కడే. మాస్టారి ఎర్రసిరా గీతకన్నా ఇది సూటిగా, ఎంతో మెత్తగా చెబుతుంది.

గుణకారమంటే ఏమిటో మాత్రం ఈ హారాలు చెప్పవు. అందుకు మూడు గింజల కుప్పలు నాలుగు పెట్టి లెక్కబెట్టించాల్సిందే, ధర్మపురిలో చింతగింజలకు కొదవా? ఆ మాట మనసుకు పట్టాకే హారాలు ఇవ్వాలి.

అప్పుడు ఇంకోటి: 152207ని 73తో గుణించమనండి. రెండు వరసలు వేసి కూడాలి, కాస్త పెద్ద పని. జవాబు ఇక్కడ రాయడం లేదు. సరిగ్గా వస్తే చేసిన పిల్లకే తెలుస్తుంది.