గోడ బొంత, అటక బొంత

కాపురాల గుట్టకును లతీఫ్‌సాబు గుట్టకును నడుమ నున్న నల్లగొండ పట్టణమున, ఒక మిత్రుని గృహమునందు గోడకు వ్రేలాడగట్టిన చిత్రపు బొంత నొకదానిని ఇటీవల చూచితిని. మిత్రుని భార్య గుడ్డముక్కల నతికి, వానిపై కుంచెతో రంగులు వేసి, సంధ్యవేళ గుట్టల దృశ్యమును రూపొందించిరి. పాశ్చాత్యులు ఇట్టివానిని ఆర్ట్ క్విల్టు లందురు. వచ్చినవా రెల్లరు మెచ్చుచుండిరి. ఆ మెప్పు ఎంతవరకు తగునో విచారింతము.

గుణమును మొదట చెప్పవలెను. దూరపు గుట్టలకు ఆ సోదరి పోచంపల్లి గుడ్డ నెన్నుకొనిరి. ఆ నేతలో నూలును నేయుటకు ముందే కట్లు కట్టి రంగులో ముంచుదురు. కావున రంగుల యంచులు గీత గీచినట్లుండక కొంచెము చెదరియుండును. ఎండలో మన గుట్టల యంచులును కంటి కట్లే తోచును. దగ్గరి బండలకు ఉతికి యుతికి వెలిసిన నల్లచీర ముక్కలు వాడిరి. ఇచ్చట గుడ్డయే ఱాయి యైనది.

దోషము ఆకాశమున నున్నది. అతుకులు చాలవని శంకించిరి కాబోలు, సూర్యాస్తమయమును దట్టపు రంగుతో పూసిరి. గుడ్డ అట్టవలె బిఱుసెక్కినది, కుట్లు మరుగుపడినవి. రంగు గుడ్డకు శత్రువని నా భావము గాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డను నానబెట్టి, అది యారిన పిమ్మటనే కలము పట్టుదురు. అందుచే రంగు ప్రాకక గుడ్డలో నింకును. అచ్చట వర్ణము వస్త్రము నాశ్రయించినది; ఇచ్చట దానిని కప్పివేసినది.

ఇంతకంటె ముఖ్యవిషయ మొకటి కలదు. ఇంట పాతబొంత లేదా యని యడుగగా, అత్తగారు కుట్టిన దొకటి అటకపైనుండి దించిరి. అతిథులు వచ్చినపుడు దానిని దాచుదురట! పాతచీరల పొరలు, ఎడము తప్పని వరుసకుట్లు, నడుమ ఎఱ్ఱని చదరములు. చూడగా దున్నిన చెలకవలె నుండెను. ఆ వృద్ధమాత దృశ్యమును చిత్రింపదలచలేదు, బిడ్డలకు చలి బాపదలచిరి. అయినను పాలమూరు, నల్లగొండ సీమల మెట్టనేల అందు కానవచ్చినది.

అమెరికాలో అలబామా రాష్ట్రమందలి జీస్ బెండ్ పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టుకొన్న బొంతలను 2002లో హ్యూస్టను, న్యూయార్కు నగరముల మ్యూజియములలో ప్రదర్శించిరి. అంత దూర మేల? పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించి, సామాన్యుల కూడు గుడ్డలును చరిత్రమే యని చూపిరి. మనమో, సన్న్యాసి భుజముపైని కంథకు మ్రొక్కి, మన తల్లి కుట్టిన బొంతకు సిగ్గుపడుచున్నాము.

కోడలి బొంత మూలను ఆమె పేరు కుట్టబడి యున్నది. అత్తగారి బొంతపై నే పేరును లేదు. ఆ సోదరికి నా మనవి యొకటే: మరుసటి బొంతకు రంగుడబ్బా తెరచుటకు ముందు అత్తగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ వరుసకుట్టు నేర్చుకొనుడు. అంతకుముందే, ఆ పాతబొంత మూలను ఆమె పేరు కుట్టుడు.