‘ఊపిరి’లో లేని మామ్మగారు

వంశీ పైడిపల్లి తీసిన ‘ఊపిరి’ 2016లో వచ్చింది. మెడ కింద కదలిక లేని కోటీశ్వరుడు నాగార్జున. పెరోల్ మీద బయటికొచ్చి, ఆయన్ని కనిపెట్టుకునేందుకు జీతానికి కుదిరిన కుర్రాడు కార్తి. 2011 నాటి ఫ్రెంచి సినిమాకి ఇది మన రూపం. మన హీరో ఒకాయన చక్రాల కుర్చీలో కూర్చునే మెప్పించడం చిన్న సాహసమేం కాదు. హాల్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాననుకోండి!

అయినా ఒక వెలితి. జాలి చూపని స్నేహమే మందు అంటుంది కథ. బాగానే ఉంది. కానీ అలాంటి మనిషికి రోజూ ఎవరో ఒళ్ళు తుడవాలి, పక్కగుడ్డ మార్చాలి, వీపు పుండు పడకుండా గంటకో రెండు గంటలకో ఒత్తిగిలించాలి. సినిమా మనసు ఆ గదిలో నిలవదు, పారిస్ వెళ్ళిపోతుంది. స్నేహం కుదిరేదీ చెడేదీ ఆ గదిలోనే కదూ!

మా నందిగామ, జగ్గయ్యపేటల వైపు ఈ పనికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. పత్తి తీతలు, మిరప కోతలు అయ్యాక, పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళలో పెద్దవాళ్ళ దగ్గర కుదురుతారు. నాకు తెలిసిన ఒక మామ్మగారు కోడలి చేత కూడా నీళ్ళు పోయించుకోని మనిషి. తుంటి విరిగాక ఒకావిడను పెట్టారు. నాలుగు రోజులు మామ్మగారు కళ్ళు గట్టిగా మూసుకునే ఒళ్ళు తుడిపించుకున్నారు. ఆవిడ మాత్రం పైన చీర కప్పి ఉంచే, “ఇప్పుడు కాలు ఎత్తుతున్నానండమ్మా” అని ప్రతిదీ ముందు చెప్పి చేసేది. ఐదోనాడు మామ్మగారు కళ్ళు తెరిచి, “నీకెంతమంది పిల్లలే?” అన్నారు. ఎంత మంచి సన్నివేశం! ఏ దర్శకుడి కంటా పడలేదు.

తర్వాత “నువ్వు మా ఇంటిమనిషివే” అన్నారు మామ్మగారు, మనస్ఫూర్తిగానే. జీతం పెంచమన్నప్పుడు ఫోన్లో కొడుకు అన్నదీ అదే మాట.

ఇంకో చిక్కు. తెరమీద మగవాడికి మగవాణ్ణే పెట్టారు గనక రాలేదు. మంచాన పడ్డ పెద్దాయనకు స్నానం చేయించే ఆడమనిషికి, ఆయన చెయ్యి ఎటు వస్తుందోనన్న బెరుకుంటుంది. చెబితే ఇంట్లోవాళ్ళు “పాపం, తెలియక” అంటారు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే లెక్కించింది, జిల్లాకో ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. ఆవిడకీ సంగతి చెప్పేదెవరు? పనిలో పెట్టుకున్న మనమేనా?

కార్తి చేసిన పాత్ర మా నందిగామ ఆడమనిషిదైతే కథలో పారిస్ ఉండేది కాదు. చీకటి పడేలోగా ఆవిడ ఊరి బస్సు అందుకోవాలి.