320 నిలువు వరుసల్లో ఒక అల

ఫ్రాన్సులో మన ఇంటర్ వయసు పిల్లలు గ్రాఫులు గీసే కాలిక్యులేటర్‌తో స్కూలు ఆఖరి ఏడాది లెక్కల పరీక్షకు వెళ్తారు. మన ఇంటర్ పరీక్షల్లో కాలిక్యులేటర్‌కే చోటు లేదు. గేట్ రాసేవాళ్లకు కంప్యూటర్ తెర మీద ఇచ్చేదే గతి. అందుకే నమ్‌వర్క్స్ పేరు ఇక్కడ చాలామంది విని ఉండరు. ఆ ఫ్రెంచ్ సంస్థ 2017లో కాలిక్యులేటర్‌ను అమ్మకానికి పెడుతూ, లోపల నడిచే ఎప్సిలాన్ అనే సాఫ్ట్‌వేర్ కోడ్‌ను కూడా గిట్‌హబ్‌లో పెట్టింది. అందులో లెక్కలు తేల్చే భాగానికి గణితవేత్త పోయింకరే పేరు, తెర మీద బొమ్మ గీసే భాగానికి చిత్రకారుడు కాండిన్‌స్కీ పేరు పెట్టుకున్నారు. ఎంత ఇష్టంగా కట్టారో ఆ పేర్లే చెబుతాయి.

ఆ కాలిక్యులేటర్‌లో పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసుకోవచ్చు. నాకు బాగా ఇష్టమైన ప్రోగ్రాము నాలుగైదు లైన్లు మించదు. తెర వెడల్పు 320 చుక్కలు. ఒక్కో నిలువు వరుసకు సైన్ విలువ కట్టి, ఆ ఎత్తులో ఒక చుక్క పెట్టమంటాను. తెర మొత్తానికి ఒక అల అంటే ఒక అల వస్తుంది, అయిదంటే అయిదు. అదే 319 అలలు గీయమంటే? తెర నిండిపోతుందనుకుంటాం. కానీ నున్నటి అల ఒక్కటే వస్తుంది, అదీ తలకిందులుగా. 320 అంటే అదీ పోయి అడ్డగీత మిగులుతుంది. లెక్కలో తప్పేమీ లేదు. ప్రతి చుక్కా సరైన చోటే ఉంది. రెండు చుక్కల మధ్య ఏం జరిగిందో యంత్రం చూడలేదు, అంతే. పదో తరగతిలో గ్రాఫు కాగితం మీద నాలుగు బిందువులు పెట్టి చేత్తో వంపు కలిపినప్పుడు మనం చేసిందీ అదే.

ఈ మాట పుస్తకంలో చదివితే ఒంటబట్టదు. చుక్క పెట్టే లైను మన చేతిలో ఉండి, 319 తీసి 320 వేసి చూస్తేనే అర్థమవుతుంది. అక్కడి నుంచి పిల్లవాడు కాలిక్యులేటర్ గీసే అసలు గ్రాఫును కూడా అనుమానంగా చూస్తాడు. ఇది చుక్కల్ని ఎలా కలుపుతోంది, టాన్ గ్రాఫులో తెగినచోట ఏం చేస్తోంది అని అడుగుతాడు. జవాబు కోడ్‌లో ఉంది, వెళ్లి చదువుకోవచ్చు. మూసిపెట్టిన యంత్రాన్ని ఆ ప్రశ్న అడగలేం. 2009లో టీఐ-83 ప్లస్ అనే కాలిక్యులేటర్‌లో సొంత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడానికి అభిమానులు 512 బిట్ల తాళాన్ని లెక్కగట్టి ఛేదించాల్సి వచ్చింది. దాన్ని తయారుచేసే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఆ అభిమానులకు లీగల్ నోటీసులు పంపింది.

నమ్‌వర్క్స్ కూడా పూర్తిగా తెరిచిన తలుపు కాదు. కోడ్‌ను వ్యాపారానికి వాడకూడదన్న షరతుంది. కచ్చితంగా మాట్లాడేవాళ్లు దాన్ని ఓపెన్ సోర్స్ అనరు, వాళ్లన్నది నిజమే. పైగా 2021లో, పరీక్షల్లో మోసం జరగకూడదని, బయటివాళ్లు మార్చిన సాఫ్ట్‌వేర్‌కు గట్టి కట్టుబాట్లు పెట్టారు. ఒమేగా పేరుతో ఔత్సాహికులు అల్లుకున్న రూపాంతరానికి అది పెద్ద దెబ్బ. పరీక్ష హాలు భయం నాకు అర్థమవుతుంది. కానీ పరీక్ష మోడ్‌లో పెడితే లైటు వెలుగుతుంది, దాచుకున్న ప్రోగ్రాములు చెరిగిపోతాయి. ఆ కాపలా హాలు వరకు ఉంటే చాలు. కొన్ని గంటల పరీక్ష కోసం ఏడాది పొడవునా యంత్రానికి తాళం వేయడం నాకు న్యాయంగా తోచదు.

తాళం లేనిదే కావాలంటే థామస్ ఒకెన్ రాసిన ఫ్రీ42 అనే సాఫ్ట్‌వేర్ ఉంది. పాత హెచ్‌పీ-42ఎస్ కాలిక్యులేటర్ పనితీరును కొత్తగా కట్టి, జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చేశారు. ఫోన్‌లో ఉచితంగా వేసుకోవచ్చు, ప్రోగ్రాములు రాసుకోవచ్చు. స్విస్‌మైక్రోస్ సంస్థ తెచ్చిన డీఎం42 కాలిక్యులేటర్ లోపల నడిచేదీ అదే.