జున్ను: అంగడికి లొంగని తీపి

తెలుగువారి తీపివంటకములను గూర్చి సంచికలయందు వెలువడు వ్యాసములు తరచుగా నొకే త్రోవను నడచును. తిరుపతి లడ్డు, బందరు లడ్డు, తాపేశ్వరపు మడతకాజా, ఆత్రేయపురపు పూతరేకు అను పేర్లు వరుసగా వచ్చును. వానిలో భౌగోళిక సూచికగా నమోదైన వాని సంవత్సరములును వచ్చును: తిరుపతి లడ్డునకు 2009, పూతరేకునకు 2023. పిదప ఈ తీపి మాదే, ఇతరులది కాదను వాదము తలయెత్తును. రసగుల్ల విషయమున వంగీయులును ఒడిస్సీయులును చిరకాలము వాదులాడిరి. తుదకు 2017లో వంగదేశపు రసగుల్లకును, 2019లో ఒడిశా రసగుల్లకును వేరువేరుగా నమోదు లభించినది. ఇవి యన్నియు అంగడి తీపులు. పెట్టెలో పెట్టి, రైలుపై పంపి, పదిదినములు దాచి తినదగినవి. అమ్మకమున్న చోటనే హక్కుల తగవుండును. తెలుగువారి తీపులలో నెన్నడును ఎవరును తగవులాడని దొకటి కలదు. అది జున్ను. అమ్మకము లేకపోవుటచేతనే తగవు లేదు. తగవు లేకపోవుటచేతనే వ్యాసములలో దానికి చోటును లేదు.

దాని వంటవిధము చెప్పుట సులభము; పదార్థము దొరకుటయే కష్టము. ఆవో గేదెయో ఈనిన తరువాత తొలి రెండు మూడు దినముల పాలను ముర్రుపాలనియు జున్నుపాలనియు అందురు. అవి పసుపువన్నె కలిగి, చేతికి జిగురుగా తగులుచు చిక్కగా నుండును. తొలిపూట పాలు మిక్కిలి చిక్కనివగుటచే వానికి రెండింతలో మూడింతలో మామూలు పాలు కలిపినగాని జున్ను మెత్తగా రాదు. కలుపనిచో పిడచగట్టి గొంతు పట్టుకొనును. రెండవనాటి పాలకు కలుపవలసినది తక్కువ. మూడవనాటి పాలకు ఇంచుమించు అక్కరయే లేదు. బెల్లమును కరగించి వడగట్టి పాలలో కలిపి, దంచిన మిరియాలును యేలకుల పొడియును చేర్చి, గిన్నెపై మూత బిగించి, నీరు పోసిన వెడల్పు పాత్రలో నుంచి ఆవిరిపై ఉడికింతురు. కత్తిమొన గ్రుచ్చి తీసినపుడు తడి యంటక వచ్చినచో జున్ను అయినదని గుర్తు. చల్లారిన పిదప ముక్కలుగా కోసిన, పైని మిరియపు నలుసులు, లోపల సన్నని తేనెతుట్టెవంటి గుల్లలు, అడుగున ఊరిన బెల్లపు నీరు కానవచ్చును. ఆ నీటిని పారబోయువాడు జున్ను తిననేర్వనివాడు.

ఇందు గ్రుడ్డు లేదు, పిండి లేదు, తోడు లేదు, పులుపు లేదు. పాలు తమంతట తామే గడ్డకట్టును. కారణము పాలలోనే యున్నది. మామూలు ఆవుపాలలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళు మాత్రమే. తొలిపూట ముర్రుపాలలో అవి సుమారు పదునాలుగు పాళ్ళుండును. వానిలో నధికభాగము వేడి తగిలినంతనే గ్రుడ్డు తెల్లసొనవలె బిగియు జాతివి. పాశ్చాత్యుల కారమెల్ పుడ్డింగులో గ్రుడ్డు చేయు పనిని జున్నులో పాలే చేయును. ఈ పోలికను గమనించినవారు కొందరు జున్నును ‘తెలుగు పుడ్డింగు’ అందురు. పరిచయము చేయుటకు ఆ మాట పనికివచ్చునేమో గాని, ఒకదాని గౌరవము రెండవదాని పేరుతో తెచ్చుకొనవలసిన అగత్యము లేదు.

పంచదార జున్ను, బెల్లపు జున్ను అని రెండు పక్షములు కలవు. పంచదారది తెల్లగా, చూపునకింపుగా నుండును. ముర్రుపాలకు సహజమైన పచ్చివాసనను అణచుటకు బెల్లపు మట్టిరుచియు మిరియపు ఘాటును కలసియే సమర్థములు. పంచదార జున్ను కంటికి, బెల్లపు జున్ను నోటికి అన్నచో తప్పులేదు.

ఇక పదమును గూర్చి. ఆంగ్లమున ‘చీజు’ అనబడు దానికి తెలుగున ‘జున్ను’ అని వ్రాయుట పాఠ్యపుస్తకములలోను అనువాదములలోను పాతుకొనిపోయినది. పనీరునకును ఇదే పేరు పెట్టిన వారు కలరు. ఇది విమర్శకు నిలువని వాడుక. చీజు చేయుటకు పాలను పులుపుతోనో, దూడ పొట్టనుండి తీసిన ద్రవ్యముతోనో విరిచి, నీటిని వేరుచేసి, ఉప్పు చేర్చి, అదిమి, కొన్నిటిని నెలల తరబడి మాగవేయుదురు. జున్నులో విరుచుట లేదు, వేరుచేయుట లేదు, మాగుట అసలే లేదు. రెండింటికిని గల పొత్తు పాలతో పుట్టుటయు గట్టిగా నుండుటయు మాత్రమే. ఇంటిలో పాడియున్న పల్లెవానికి ఈ పొరపాటువలన నష్టము లేదు. వానికి జున్నేదో తెలియును. షోలాపురమునందో బెంగుళూరునందో పుట్టి, తెలుగును పుస్తకమునుండియే నేర్చు బాలునికి మాత్రము మొదట అందునది తప్పుడు అర్థమే. అవ్వ తన చిన్ననాటి జున్నును గూర్చి చెప్పినపుడు ఆ బాలుడు రొట్టెపై పరచు పసుపుపచ్చని పలుకను తలచుకొనును. వస్తువు పోయినను మాట నిలిచిన దానిని వెదకి తెచ్చుకొనవచ్చును. మాటను వేరొక వస్తువునకు అప్పగించిన పిదప వెదకవలసినది యేదో కూడ తెలియదు. చీజును చీజనియే వ్రాయుట మేలు. రైలును, కాఫీని తెలుగు భరించినది, చీజును భరింపలేకపోదు.

రాష్ట్రేతర తెలుగువారికి ఈ తీపి ఇరుగుపొరుగు భాషలందు వేరు పేర్లతో ఎదురగును. కన్నడమున అది గిణ్ణు. కన్నడమున ‘కివి’ తెలుగున ‘చెవి’ యైనట్టి ధ్వనిమార్గము నెరిగినవారికి గిణ్ణు జున్నుల చుట్టరికము వినగానే తోచును. తమిళమున ముర్రుపాలకు సీంబాల్ అని పేరు. మహారాష్ట్రమున ఆ పాలు చీకు. వండిన తీపి ఖర్వసు. ఒక్క పశువు ఈనిక చుట్టు ఇన్ని మాటలు పుట్టుట, ఈ దేశముల ప్రజలు దానికిచ్చిన విలువను తెలుపును. హోసూరు ప్రాంతమున మూడు భాషలు కలసిన వీథులలో ఒకే గిన్నెకు మూడు పేర్లు వినవచ్చుట వింత కాదు.

ఒడిశా సంగతి వేరు. బరంపురము, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతముల తెలుగువారికి పొరుగున నున్న తీపి సంప్రదాయము పాలు విరుచుటపై నిలిచినది. ఛెనా యనగా పులుపుతో విరిచిన పాల ముద్ద. రసగుల్లయు, నయాగఢ ప్రాంతపు ఛెనాపోడయు దానినుండియే వచ్చును. తెలుగు వంటింటిలో పాలు విరుగుట అపశకునమునకు సాటి. మనసు విరుగుట యను నుడికారమునకును ఈ విరుగుడే పోలిక. ఒక జాతి నష్టమని చింతించిన దానినుండి వేరొక జాతి తన యుత్తమమైన తీపిని కల్పించుకొన్నది. ఈ రెండును తెలిసిన ఇండ్లు ఒడిశాలోని తెలుగు ఇండ్లే. పాలను విరిచియు విరువకయు గడ్డకట్టించు రెండు విద్యలను పోల్చి చూచు నవకాశము వారికున్నట్లు మరియెవరికిని లేదు.

యానామును గూర్చి చెప్పవలసినది కొంచెమే. 1954 వరకు అది ఫ్రెంచివారి యేలుబడిలో నున్నను, చుట్టును గోదావరీ మండలపు పల్లెలే. దొరతనము మారినచోట జున్ను మారవలెనను నియమము లేదు.

శాస్త్రగ్రంథములు ఈ తీపిని మెచ్చలేదు. అమరకోశము ఈనిన పశువు క్రొత్తపాలకు పేయూషమని పేరు చెప్పినది. మనుస్మృతి అయిదవ అధ్యాయమున, తినరాని వస్తువులను చెప్పుచు, ఆవు పేయూషమును పేర్కొనినది. ఈని పదిదినములు దాటని ఆవు పాలను సైతము నిషేధించినది. అందుచేత ఆచారపరులైన కొందరి యిండ్ల పురుడు వెళ్ళువరకు ఆ పాలు ముట్టరు. మిగిలిన తెలుగుదేశము ఈ నిషేధమును విన్నట్లు కనబడదు. పేయూషమునకు రూపాంతరమైన పీయూషము కావ్యములలో అమృతమునకు పర్యాయము! ఒకే మాట స్మృతిలో వర్జ్యము, కావ్యములో దేవతల యాహారము. పల్లెవాడు తెలియకయే కవుల పక్షమున నిలిచినాడు.

ఇంట తినుట, బయట తినుట యను భేదము తెలుగు సాహిత్యమునకు క్రొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసినదియు, శ్రీనాథుని చేయి యున్నదని పలువురు తలచునదియు నగు క్రీడాభిరామమున, ఓరుగంటి పూటకూళ్ళ యింట ఒక్క రూకకు పెట్టు భోజనము వర్ణితము. సన్నని బియ్యపన్నము, పెసరపప్పు, క్రొత్తనేయి, గట్టి పెరుగు వీనితోపాటు గోధుమపిండివంటయు గుప్పెడు పంచదారయు నందు కలవు. రూక యిచ్చిన వారికెల్ల దొరకు తీపి ఎట్టిదో ఆ వర్ణన చెప్పుచున్నది: నిలువయుంచిన పిండి, నిలువయుంచిన చక్కెర. జున్ను ఆ వరుసలో లేకపోవుట సహజమే. ఏ పూటకూళ్ళమ్మయు తన గేదె యెన్నడు ఈనునో చూచి బాటసారులను పిలువజాలదు.

నేటి నగరములలో ఈ కట్టు సడలినది. ముంబయిలో గేదెల కొట్టముల పాలు అందుబాటున నుండుటచే ఖర్వసు పాలయంగళ్ళలో అమ్మకమునకు వచ్చినది. తెలుగు నగరముల వీథులలో బండ్లపైనను జున్ను పేర ముక్కలు అమ్ముదురు. వానిలో కొన్ని నిజమైనవి. పెక్కింటికి ముర్రుపాలతో సంబంధము లేదు. కోడిగ్రుడ్లు కొట్టి పాలలో కలిపినది ఒకటి, సముద్రపు నాచునుండి తీసిన చైనాగ్రాసుతో బిగించినది ఒకటి, డబ్బాపాలును పెరుగును కలిపి ఆవిరిపై ఉడికించినది మరియొకటి. ఇవి రుచికరములు కావని యనరాదు. డబ్బాపాలది బాగుగనే యుండును. కాని అది వేరొక వంటకము. వంటపుస్తకములు దానిని ‘ముర్రుపాలు లేని జున్ను’ అని ముద్రించుట, ఉలవలు లేని ఉలవచారు అనుటవంటిది.

కల్తీకంటె గట్టి యాక్షేపణ నిజమైన ముర్రుపాల అమ్మకముపైననే కలదు. దూడ పుట్టుకతో రోగమును ఎదిరించు శక్తి లేక పుట్టును. ఆ శక్తి దానికి తల్లి ముర్రుపాలనుండియే రావలెను. పుట్టిన మొదటి దినము గడచినచో దూడ ప్రేగు ఆ శక్తిని గ్రహింపజాలదు. దూడ బరువులో పదియవవంతు ముర్రుపాలు తొలిగంటలలోనే త్రాపవలెనని పశువైద్యులు చెప్పుదురు. పాడియున్న మంచి యింట దూడ కడుపునిండిన పిదప మిగిలిన పాలే జున్నునకు వచ్చెడివి. ఆ మిగులు కొంచెమే, అదియు రెండు మూడు దినములే. దినదినము అంగడిలో జున్ను దొరకవలెనన్నచో, దినదినము ఏదో యొక దూడ వాటాకు ముప్పు కలుగును. మగదూడయైనచో దాని పక్షమున పలుకువాడును ఉండడు. ఈ తీపి కొరతగా నుండుట దాని లోపము కాదు. ఆ కొరతయందే దాని న్యాయమున్నది.

మిగులు కొంచెమైనను ఒక్క యింట నిలువదు. జున్నుపాలు చెంబులతో ఇరుగుపొరుగు ఇండ్లకు పోవును. కొన్ని యిండ్ల జున్నే వండి పళ్ళెములలో పంపుదురు. వెల కట్టుట లేదు. పుచ్చుకొన్నవారు చెంబును ఉత్తగా త్రిప్పి పంపక, గుప్పెడు బియ్యమో బెల్లపు పలుకో వేసి పంపుట పలుచోట్ల మర్యాద. తమ గేదె ఈనినపుడు ఆ బాకీ తీరును. అందుచేత జున్ను తినుటకు పాడి యుండనక్కరలేదు, పాడియున్న పొరుగు ఉండిన చాలును. పట్టణములకు చేరిన తెలుగువారు కోల్పోయినది గేదెను మాత్రమే కాదు, ఆ చెంబు నడచిన త్రోవను కూడ. అరిసెను బియ్యపుపిండితో ఎచ్చటనైన వండుకొనవచ్చును. బొబ్బట్టునకు సెనగపప్పు దొరకని నగరము లేదు. అందుచేతనే పండుగ సభలలో అవి నిలిచినవి. సంఘముల వంటల పోటీలలో జున్ను కనబడకపోవుటకును ఇదే హేతువు. పోటీ ఉగాదినాడు పెట్టవచ్చును గాని, గేదె ఉగాదినాడే ఈనవలెనని పట్టుబట్టుట కుదరదు.

తెలుగు కుటుంబముల వంటయింటి మాటలను సేకరించు పని కొన్నిచోట్ల సాగుచున్నది. ఆ పట్టికలలో ‘జ’కారము క్రింద జున్ను వచ్చినపుడు దాని యెదుట చీజు అని వ్రాసి ఊరకుండక, ముర్రుపాలు, బెల్లము, మిరియము, ఆవిరి యను నాలుగు మాటలు వ్రాయవలెను. షోలాపురపు ఇంటిలో దానిని ఖర్వసని, కోలారు ఇంటిలో గిణ్ణని పిలుచుచున్నచో ఆ పేళ్ళను పక్కనే చేర్చవలెను. పాలు తెచ్చిన పొరుగువారు ఏ భాషవారో, చెంబు తిరిగి పోవునపుడు దానిలో ఏమి వేసిరో కూడ అడిగి వ్రాసికొనుట మంచిది.